రెండు కళ్లకీ శుక్లం ఆపరేషన్: లెన్స్ పవరు 13 అంటే తక్కువ వేస్తున్నట్టా?

కావలి నుంచి అడిగినవారి ప్రశ్న ఇదీ: నాయనకి 64 ఏళ్లు, రొయ్యల గుంటల మీద పని, రెండు కళ్లకీ మైనస్ 7 సైటు, రెండింట్లోనూ శుక్లం. ముందు చేసే కుడి కంటికి లెన్స్ పవరు 13 రాశారు. పక్కింటాయనకి 21 వేశారు, మాకెందుకు తక్కువ?

తక్కువేం కాదండీ. మామూలు కన్ను పొడవు 23.5 మి.మీ. దగ్గర ఉంటుంది, మైనస్ 7 కన్ను 26 చుట్టుపక్కల ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ లోపల వేసే లెన్స్ పవరు తగ్గాలి. ఈ కంట్లో 21 వేస్తే ఆపరేషన్ అయ్యాక కూడా మైనస్ 5కి పైనే మిగిలిపోతుంది.

అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. 13 అంటే దూరం అద్దాల్లేకుండా కనపడేలా లెక్కగట్టారన్నమాట. మీ నాయన ఇన్నాళ్లూ అద్దాలు తీసేసి పేపరు చదివే మనిషైతే ఆ సౌకర్యం పోతుంది. ఫోను చూడాలన్నా, చెక్ ట్రే (గుంటలో మేత చూసుకునే పళ్లెం) ఎత్తి రొయ్య పేగు చూడాలన్నా చదువు అద్దాలు కావాలి. ఈ సంగతి ముందే చెప్పకపోతే, ఆపరేషన్ బాగా జరిగినా మనిషికి దిగులే. ఇంటిపట్టున ఉండి చదువుకునేవారికైతే మైనస్ 2.5 మిగిల్చమని అడగడమే మేలు. దానికి 16.5 దరిదాపుల్లో లెన్స్ పడుతుంది (లెన్స్‌లో 1 పవరు మారితే సైటు 0.7 మారుతుంది), దూరానికి పల్చటి అద్దాలు చాలు. చీకట్లో కట్టల మీద బండి నడిపే మనిషికి దూరమే ముఖ్యం. మధ్యే మార్గం ఒకటుంది: ఎక్కువ ఆధారపడే కంటికి దూరం, రెండో కంటికి మైనస్ 1.25 నుంచి 1.5 వరకు. తేడా అంతకు మించితే చాలామందికి ఇబ్బందే. ఏదైనా సరే, రెండు కళ్లకీ కలిపి మొదటి ఆపరేషన్‌కి ముందే తేల్చుకోండి.

బయోమెట్రీ (లెన్స్ పవరు లెక్కకి కంటి కొలతలు తీయడం) కాగితం మీరే చూడొచ్చు. రెండు కళ్ల పొడవుల మధ్య తేడా 0.3 మి.మీ. దాటినా, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) వంపు తేడా 1 పవరు దాటినా, పాత అద్దాల్లో ఆ తేడా లేకపోతే మళ్లీ కొలవమనండి. పొడవులో 1 మి.మీ. తప్పు వస్తే సైటు రెండున్నర, మూడు దాకా తప్పుతుంది. కంటికి ఆనించి పొడవు కొలిచే ఏ-స్కాన్ (అల్ట్రాసౌండ్) ప్రోబ్ గట్టిగా నొక్కితే కన్ను పొట్టిగా చూపిస్తుంది, పవరు ఎక్కువ పడి మైనస్ మిగులుతుంది. తాకకుండా కొలిచే ఆప్టికల్ మెషిన్ నయం. శుక్లం బాగా ముదిరితే అది కొలవలేదు, అప్పుడు నీళ్ల కప్పు పెట్టి చేసే ఇమ్మర్షన్ స్కాన్ అడగండి. పొడవు కళ్లకి లెన్స్ పవరు లెక్కగట్టే పాత ఫార్ములాలతో ప్లస్ మిగిలే ప్రమాదం ఉంది కాబట్టి కొత్తదైన బ్యారెట్ ఫార్ములాతో కూడా చూడమని చెప్పండి.

పాత అద్దాల చీటీ తప్పక తీసుకెళ్లండి. శుక్లం వల్లే మైనస్ పెరిగి ఉండొచ్చు. పదేళ్ల కిందట మైనస్ 3 ఉన్న మనిషైతే పొడవు 26 రావడం అనుమానించాల్సిన విషయమే. ఎండలో, ఉప్పుగాలిలో పనిచేసేవారి కళ్లలో కండ పెరగడం మన తీరంలో మామూలే. అది నల్లగుడ్డు మీదికి పాకితే వంపు కొలత తప్పుతుంది. ముందు కండ తీయించి, కార్నియా కుదుటపడ్డాక కొలవాలి.

ఒక కన్ను అయ్యాక రెండోది మైనస్ 7 అలాగే ఉంటే, ఆ తేడాకి కళ్లజోడు పనిచేయదు, తల తిరుగుతుంది. అందుకని రెండోదాన్ని నెలల తరబడి వాయిదా వేయొద్దు. అలాగని మరుసటి రోజే వద్దు. రెండు వారాలాగి మొదటి కంటి సైటు చూపించండి. అనుకున్నదానికంటే తేడా వస్తే, అందులో సగం మేర రెండో కంటి లెన్స్‌లో సర్దుతారు.

మల్టీఫోకల్ (దూరం, దగ్గర రెండూ కనపడేలా చేసిన లెన్స్) వేయిస్తే రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనపడతాయి. బండి నడిపేవారికీ, షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక పొర) దెబ్బతిన్నవారికీ నేను వద్దనే చెబుతాను.

మైనస్ ఎక్కువున్న కంటికి ఆపరేషన్‌కి ముందు చుక్కలు వేసి రెటీనా అంచులదాకా చూడాలి. తర్వాత ఎప్పుడైనా మెరుపులు, నల్ల చుక్కలు, తెర అడ్డం పడ్డట్టు కనపడితే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.