అమ్మానాన్నలతో పిలాటస్ కొండకు

ప్రియమైన సునీతకు,

పెద్దమ్మ దీవెనలు. జూన్‌లో అమ్మానాన్నలు వచ్చినప్పుడు స్విట్జర్లాండ్ కొండల్లో టిట్లిస్ చూపించాలా, పిలాటస్ చూపించాలా అని అడిగావు. మంచులో ఫొటోలే కావాలంటే టిట్లిస్‌కి వెళ్లండి. అది 3,000 మీటర్లు దాటిన కొండ, వేసవిలోనూ మంచు దొరుకుతుంది. పిలాటస్ 2,128 మీటర్లే. అయినా నా ఓటు పిలాటస్‌కే. చిన్నప్పటి నుంచి చర్చికి వెళ్లే మీ అమ్మకి ఆ పేరు ఎప్పుడో పరిచయం. మన బైబిల్లో యేసును సిలువకి అప్పగించి చేతులు కడుక్కున్న రోమన్ అధిపతి పొంతి పిలాతు పేరే అది.

పైకి వెళ్లేటప్పుడు బస్సు వద్దు. లూసర్న్ స్టేషన్ ఎదుటే పడవల రేవు ఉంది. అక్కడ కొండ కింద ఉన్న ఆల్ప్‌నాఖ్‌స్టాడ్ ఊరికి వెళ్లే పడవ ఎక్కండి. గంటకు పైనే పడుతుంది, కానీ కొండ దారిపొడవునా కనిపిస్తూ ఉంటుంది. అమ్మకి కథ చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. పైకి వెళ్లాక చెబితే చలికీ ఫొటోలకీ మధ్య ఎవరూ వినరు.

కథ ఇదీ. పిలాతు రోమ్‌లో చనిపోయాక శవాన్ని టైబర్ నదిలో పడేశారట. వెంటనే తుఫానులు. తీసి రోన్ నదిలో వేస్తే అక్కడా అంతే. చివరికి మనుషులు తిరగని ఈ కొండ మీది చిన్న చెరువులో వదిలేశారట. ఏటా గుడ్ ఫ్రైడే రోజు ఆయన నీళ్లలోంచి లేచి, న్యాయాధిపతి దుస్తుల్లో కూర్చుని చేతులు కడుక్కుంటాడని చెప్పుకునేవారు. చెరువులో రాయి వేస్తే గాలివాన ఖాయమని భయం. ఆ భయంతో లూసర్న్ పెద్దలు కొండ ఎక్కడాన్నే నిషేధించారు. 1387లో ఆరుగురు మతగురువులు ఎక్కబోతే జైల్లో పెట్టారు. 1555లో కొన్రాడ్ గెస్నర్ అనే పండితుడు కూడా అనుమతి తీసుకునే ఎక్కాడు. 1585లో యోహాన్ ముల్లర్ అనే లూసర్న్ పాస్టరు సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్లి, పిలాతును పిలుస్తూ చెరువులోకి రాళ్లు విసిరాడు. ఏమీ జరగలేదు. ఊరివాళ్లకి అదీ చాలలేదేమో, 1594లో గట్టు తెంపి నీళ్లు వదిలేశారు! ఆ చెరువు చూడాలని అమ్మ పట్టుబడితే ఒప్పుకోకు. అది పై స్టేషన్‌కి దూరంగా పడమటి వైపు ఉంది, ఇప్పుడక్కడ ఉన్నది బురద నేలే. అమ్మ మోకాళ్లతో అంత నడక వద్దు.

పండితులు మాత్రం పేరుకి పిలాతుతో సంబంధం లేదంటారు. లాటిన్లో టోపీ పెట్టుకున్నదని అర్థమిచ్చే మాట నుంచి వచ్చిందని వాళ్ల వాదన, శిఖరం మీద మబ్బు టోపీలా కూర్చుంటుంది కాబట్టి. ఆ మబ్బు సంగతి నీకు పనికొస్తుంది. అక్కడివాళ్లకి ఒక పాత సామెత ఉంది: పిలాటస్‌కి టోపీ ఉంటే వాతావరణం బాగుంటుంది, కాలర్ ఉంటే (మెడ చుట్టూ మబ్బు) ధైర్యం చేయొచ్చు, కత్తి ఉంటే (కత్తిలా సాగిన మబ్బు) వాన. వినడానికి బాగుంది కానీ అది కింద లోయలో గడ్డి కోసుకునే వాళ్ల కోసం పుట్టింది. టోపీ ఉన్న రోజు కింద ఎండ కాస్తుంది, పైన మీకు తెల్లటి పొగమంచు తప్ప ఏమీ కనిపించదు. టికెట్ డబ్బులు దండగ. నడుం దగ్గర మబ్బు ఉండి శిఖరం బయటికి కనిపిస్తుంటే మాత్రం పరుగెత్తండి. ఆ రోజు మబ్బులన్నీ మీ కాళ్ల కింద ఉంటాయి. పొద్దున్నే శిఖరం వెబ్‌క్యామ్ చూసి, ఆ తర్వాతే టికెట్లు కొను. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే పడవకి వేరే టికెట్ అక్కర్లేదు, కొండ రైలుకీ కేబుల్ కారుకీ సగం ధర.

మీ నాన్నగారు రైల్వేలో చేసిన మనిషి కాబట్టి ఆల్ప్‌నాఖ్‌స్టాడ్‌లో ఆయన్ని తొందరపెట్టకు. అక్కడి నుంచి కొండ పైకి 1889 నుంచి నడుస్తున్న రైలు ప్రపంచంలోనే అతి నిటారు పళ్ల పట్టాల రైలు, అంటే పళ్ల చక్రం పట్టా పళ్లలో పట్టుకుంటూ ఎక్కేది. మన ఊటీ రైలు బాగా నిటారుగా ఉన్నచోట పన్నెండు అడుగులకి ఒక అడుగు ఎక్కుతుంది. ఇక్కడ వాలు 48 శాతం, అంటే రెండడుగులకి దాదాపు ఒక అడుగు. అంత వాలులో మామూలు పళ్ల చక్రం పట్టా మీద నుంచి పైకి లేచిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఎడువార్డ్ లోఖర్ అనే ఇంజనీరు చక్రాల్ని పడుకోబెట్టి, మధ్య పట్టాని రెండు పక్కల నుంచీ పట్టుకునేలా చేశాడు. స్టేషన్ ప్లాట్‌ఫాం కూడా మెట్లు మెట్లుగా ఉంటుంది, అమ్మ చెయ్యి పట్టుకో. మంచు కాలంలో ఈ రైలు నడవదు, జూన్‌లో ఇబ్బంది లేదు.

పైన లూసర్న్ కంటే సుమారు పది డిగ్రీలు చలి ఎక్కువ. స్వెటర్లు, చెవులకి మఫ్లర్ మర్చిపోవద్దు. ఎజెల్ శిఖరానికి మెట్లు పదినిమిషాలే, అమ్మ నిదానంగా ఎక్కగలదు. ఎక్కలేనంటే కొండని తొలిచి చేసిన డ్రాగన్ బాటలో నడిపించు. అక్కడ ఇంకో కథ దొరుకుతుంది. ఒకతను శీతాకాలం ముందు గుహలో పడిపోయి, రెండు డ్రాగన్ల మధ్య చలికాలమంతా గడిపాడట. అవి ఏమీ చేయలేదు. వసంతం రాగానే ఒకటి ఎగిరిపోయిందట, రెండోది తోక అందించి బయటికి లాగిందట. నాకైతే పిలాతు కథ కంటే ఇదే ఇష్టం.

దిగేటప్పుడు రెండో వైపు నుంచి కేబుల్ కారులో క్రీన్స్ ఊరికి దిగండి. అక్కడి నుంచి ఒకటో నంబరు బస్సు లూసర్న్‌కి తెస్తుంది. సాయంత్రం ఆఖరి కేబుల్ కారు ఎన్ని గంటలకో పైకి చేరగానే చూసుకో, మీ నాన్నగారు రైలు దగ్గరే నిలబడిపోతారు. పులిహోర కట్టుకెళ్లండి, పైన తిండి ఖరీదు.

ఇట్లు,
పెద్దమ్మ