పాతకారు ప్రశ్నలు – జవాబులు: ఐడ్లింగ్, చోక్, క్యామ్‌షాఫ్ట్

ప్ర: పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), 1798 సీసీ, జంట ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపే భాగాలు). పొద్దున చోక్ (చల్లని ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ అందించే మీట) లాగితే స్టార్టవుతుంది గానీ, తోసేశాక కూడా నిమిషానికి 1500 చుట్ల దగ్గరే తిరుగుతోంది. ఐడ్లింగ్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) స్క్రూ తగ్గిస్తే ఆగిపోతోంది, పెట్రోలు వాసన కూడా. ఎక్కడ మొదలుపెట్టాలి? – పాఠకుడు, అనంతపురం

జ: ముందు టాపెట్లు (వాల్వుల సందు), పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ పుట్టించే స్విచ్). ఇవి తప్పుగా ఉంటే కార్బురేటర్‌ను ఎంత తిప్పినా వృథా. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టాపెట్ గ్యాప్ 0.38 మి.మీ. దీనికి తొమ్మిది లెక్క వాడండి: 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 6వది తెరుచుకున్నప్పుడు 3వది, అలా రెండూ కలిపి తొమ్మిది రావాలి. పాయింట్ల గ్యాప్ 0.35–0.40 మి.మీ.

తర్వాత చోక్. మీ కారు లక్షణాలు అటే చూపుతున్నాయి. ఎస్‌యూలో గాలికి అడ్డుపడే రేకు ఉండదు. తీగ లాగితే జెట్టే (పెట్రోలు వచ్చే సన్నని గొట్టం) కిందికి దిగి పెట్రోలు ఎక్కువ వదులుతుంది. దాంతోపాటు చిన్న క్యామ్ ఒకటి తిరిగి థ్రాటిల్‌ను కాస్త తెరుస్తుంది. చోక్ తోసేశాక జెట్‌ను కిందినుంచి వేలితో పైకి నొక్కండి. ఇంజిన్ శబ్దం మారితే జెట్ పూర్తిగా వెనక్కి రాలేదన్నమాట, వాసనకు కారణం అదే. మన దుమ్ముకు జెట్ గొట్టం బిగుసుకోవడం మామూలే, విప్పి పెట్రోలుతో కడగండి. తీగకు 1.5 మి.మీ. వదులు ఉంచండి. చోక్ లోపల ఉన్నప్పుడు ఫాస్ట్ ఐడ్లింగ్ స్క్రూ ఆ క్యామ్‌ను తాకకూడదు. అనంతపురంలో చలి పొద్దుల్లో తప్ప చోక్ పూర్తిగా లాగే పనే లేదు. ఎండలో ఆపి మళ్లీ తీసేటప్పుడైతే అసలు ముట్టుకోవద్దు, పెడల్ సగం తొక్కి స్టార్టర్ కొట్టండి.

ఇక ఐడ్లింగ్. ఇంజిన్ బాగా వేడెక్కాక రెండు కార్బురేటర్లను కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేయండి. ఐడ్లింగ్ స్క్రూలు రెండూ తాకీ తాకనట్టు పెట్టి, అక్కడినుంచి చెరో ఒకటిన్నర చుట్టు బిగించండి. సన్నని రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, మరో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి, రెండింటిలోనూ బుస సమానమయ్యేదాకా సరిచేయండి. జెట్ నట్టును పైకంటా తిప్పి, అక్కడినుంచి 12 పలకలు (నట్టు ఆరు పక్కల్లో ఒక్కోటి ఒక పలక) కిందికి దించండి. కార్బురేటర్ లోపలి పిస్టన్‌ను 0.8 మి.మీ. లేపి చూడండి: వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోలు ఎక్కువ), పడిపోతే లీన్ (పెట్రోలు తక్కువ), క్షణం పెరిగి తగ్గితే సరి. రెండు నట్లనూ ఒకే లెక్కన, ఒక్కో పలకే తిప్పండి. ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకు ఒకటి రెండు పలకలు ఎక్కువే దించాల్సి రావచ్చు. చివరికి 750–800 దగ్గర పెట్టి క్లాంపులు బిగించండి.

ప్ర: పాత క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) వేగానికి సరిపోదని కొత్తది వేశాం. స్ప్రాకెట్ (గొలుసు తిప్పే పళ్ల చక్రం) చుక్కలు కలిపాం. పై వేగంలో బాగుంది, కింద లాగడం లేదు, ఐడ్లింగ్ కుదుటపడదు. – పాఠకుడు, కడప

జ: ఎక్కువ సేపు రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే క్యామ్‌కు ఐడ్లింగ్‌లో వాక్యూమ్ పడిపోతుంది. 700 కోసం పట్టుబట్టకండి, 900–1000 దానికి న్యాయమే. కింద లాగకపోవడానికి మాత్రం టైమింగ్ వెనక్కి ఉండటమూ కారణం కావచ్చు. చుక్కలు కలిస్తే సరిపోదు, కొలవాలి.

క్రాంక్ పుల్లీకి డిగ్రీ ప్లేటు బిగించి, పిస్టన్ స్టాప్‌తో అసలైన టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ అన్నిటికన్నా పైకి వెళ్లే చోటు) పట్టండి. 1వ ఇన్‌లెట్ వాల్వు మీద డయల్ గేజ్ పెట్టి, పూర్తి లిఫ్ట్‌కు 0.1 మి.మీ. ముందూ 0.1 తర్వాతా డిగ్రీలు రాసుకోండి. వాటి సగటే శిఖరం. ఎంజీబీ కంపెనీ క్యామ్‌కు ఇన్‌లెట్ టాప్ డెడ్ సెంటర్‌కు 16 డిగ్రీల ముందు తెరుచుకుని, పిస్టన్ అడుగుకు చేరాక మరో 56 డిగ్రీలు దాటి మూసుకుంటుంది కాబట్టి ఆ శిఖరం టాప్ డెడ్ సెంటర్ తర్వాత 110 దగ్గర వస్తుంది. కొత్త క్యామ్‌కు దాని కార్డులో ఉన్న అంకె చూడండి. ఉదాహరణకు 110 కావాల్సింది 114 వస్తే 4 డిగ్రీలు ఆలస్యం, ఆఫ్‌సెట్ కీ (స్ప్రాకెట్‌ను కాస్త పక్కకు జరిపి పట్టే చీల) వేయాలి. కొనేటప్పుడు కీ మీది అంకె క్రాంక్ డిగ్రీలా, క్యామ్ డిగ్రీలా అని అడగండి. క్యామ్‌లో 2 అంటే క్రాంక్‌లో 4. వేశాక స్టార్టర్ కొట్టకుండా చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి, ఎక్కడైనా తగిలితే అక్కడే ఆపండి.

ప్ర: ఎస్‌యూ డ్యాష్‌పాట్‌లో (కార్బురేటర్ పిస్టన్ కదలికను నెమ్మది చేసే ఆయిల్ గదిలో) ఏ ఆయిల్? – పాఠకురాలు, కర్నూలు

జ: 20 గ్రేడు ఇంజిన్ ఆయిల్. ప్లంజర్ దింపుతుంటే మూత దారానికి 6 మి.మీ. పైన ఉండగానే అడ్డు తగిలితే చాలు. గేర్ ఆయిల్ పోస్తే పిస్టన్ బద్ధకంగా లేస్తుంది. ఆయిల్ అయిపోతే పెడల్ గబుక్కున తొక్కినప్పుడు ఇంజిన్ తడబడుతుంది.