గలగలా, లొడలొడా?

సందేహం: కొన్నాళ్లుగా మా కారు గతుకులో పడినప్పుడల్లా వెనక డిక్కీలోంచి చప్పుడు వస్తోంది. నేను 'గలగలమంటోంది' అంటాను. మా ఆవిడ 'గలగల కాదు, లొడలొడ' అంటుంది. మెకానిక్ 'ఏదో సౌండ్ వస్తోంది' అని ఊరుకున్నాడు. ఎవరి మాట సరైనది? డిక్కీకి తెలుగు మాట ఉందా?

సమాధానం: ముందు ఆ 'ఏదో సౌండ్' గురించి. ఈ మధ్య ఏది వినిపించినా నోటితో 'సౌండ్' అంటున్నాం, రాతలో 'శబ్దం' అంటున్నాం. తలుపు కిర్రుమన్నా శబ్దమే, గంట ఖంగుమన్నా శబ్దమే. 'గలగల శబ్దం చేస్తోంది' అని రాసేవాళ్లు కూడా ఉన్నారు. గలగల అన్నాక మళ్లీ శబ్దం ఎందుకండీ? గలగలమంటోంది అంటే చాలు. గలగల లాంటి ధ్వన్యనుకరణ పదాలంటే పిల్లల మాటలనో, కవుల సొగసులనో అనుకుని పక్కన పెట్టేశాం. ఏ వస్తువు దేనికి ఎలా తగులుతోందో ఒక్క ముక్కలో చెప్పే మాటలవి. చప్పుడుకు సరైన పేరు పెడితే వెతుకులాట సగం అయిపోతుంది.

గలగల అనడానికి ఒక్క వస్తువు చాలదు. నాణేలు, గాజులు, గవ్వలు, ఎండుటాకులు, అన్నీ గుంపులే. పారే నీటిని పక్కన పెడితే, విడివిడిగా ఉన్న చిన్నవి ఒకదానికొకటి తగిలితేనే గలగల. లొడలొడకు ఒక్కటి చాలు. అది తన చోటులోనే ఉంటుంది, కానీ బిగువు పోయి ఉంటుంది. పిడి సడలిన గరిటె, మేకు వదులైన కుర్చీ కాలు, పాదానికి పెద్దదైన చెప్పు లొడలొడలాడతాయి.

ఈ 'లొడ' నాకు చాలా ఇష్టమైన మాట. ఎండిన కాయను ఊపితే లోపలి గింజ లొటలొటమంటుంది. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెతలో లొటారం కూడా ఈ కుటుంబానిదేనని నా అభిప్రాయం. లోపల డొల్ల ఉండాలి, ఆ డొల్లలో కుదురులేనిది ఒకటి కదలాలి. ఈ రెండూ కలిస్తేనే ఈ మాటలు పుడతాయి. గిలక్కాయ చేసే పద్ధతీ అదే. డిక్కీ కూడా పల్చటి రేకుతో చేసిన పెద్ద డొల్ల పెట్టె కాబట్టి లోపల చిన్నది కదిలినా పెద్దగా మోగుతుంది. డొల్లను మనం తీసెయ్యలేం. కదిలేదాన్ని కుదురుగా ఉంచగలం, అంతే.

ఇంకో సంగతి. 'అను' చేరితే చెవికి వినిపించేది, 'ఆడు' చేరితే కంటికి, చేతికి తెలిసే కదలిక. గడగడలాడాడు అంటే వణికాడని, గిలగిలలాడింది అంటే కొట్టుకుందని కదా అర్థం. అన్నిచోట్లా నిలిచే సూత్రం కాదు గానీ, మీకు పనికొస్తుంది. లొడలొడమంటున్నది ఎక్కడో తెలియాలంటే, చేత్తో ఊపినప్పుడు లొడలొడలాడేది ఏదో చూడాలి.

మీ ఉత్తరంలో 'గతుకులో పడినప్పుడల్లా' అన్న మాట చూడగానే నాకు పోతన గుర్తొచ్చాడు. గజేంద్ర మోక్షంలో విష్ణువు చెప్పాపెట్టకుండా బయలుదేరితే లక్ష్మి వెంట పడుతుంది. ఎక్కడికని అడుగుదామని గబగబా వెళుతుంది, అడిగినా బదులు చెప్పడేమోనని ఆగుతుంది. 'అడిగెదనని కడువడిఁ జను' అని మొదలైన కంద పద్యం 'నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్' అని ముగుస్తుంది. ఇందులో టకటక, దడదడ లాంటి అనుకరణ పదం ఒక్కటీ లేదు. ప్రాసాక్షరం, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, డకారం. ప్రాస స్థానంలో పాదానికి ఒక్క డకారం ఉంటే చాలు. పోతన అక్కడితో ఆగకుండా నాలుగు పాదాల నిండా డకారాలు చల్లాడు. ప్రతి 'డ' దగ్గరా నాలుక అంగిలికి తగిలి వెనక్కి వస్తుంది. చదువుతుంటే ఒక అడుగు పడడం, ఒక అడుగు ఆగడం వినిపిస్తుంది. కదిలితే మోగుతుంది, ఆగితే ఆగుతుంది. లొడలొడలో ఉన్నదీ ఆ డకారమే. కారు ఆపి దిగి చూస్తే మాయమై, కదలగానే మళ్లీ పలికే చప్పుడుకు ఇంతకన్నా తగిన అక్షరం లేదు.

ఇక మీ పని. డిక్కీ మొత్తం ఖాళీ చేసి అదే దారిలో వెళ్లండి. నిశ్శబ్దమైతే అది గలగల, మీ మాటే నెగ్గింది. సామాను ఒక్కొక్కటే తిరిగి పెడుతూ పోతే దొంగ దొరుకుతుంది. పానాలు, జాకీ కడ్డీ గుడ్డలో చుట్టి పెట్టండి. ఖాళీ చేసినా మోగుతుంటే కింది చాప ఎత్తి స్టెపినీని ఊపి చూడండి. మధ్యలో ఉన్న బోల్టు సడలితే చక్రమంతా కదులుతుంది. జాకీ దాని గూటిలో కదులుతుంటే మరను కాస్త తిప్పండి. జాకీ లేచి గూటికి బిగుసుకుంటుంది.

టకటక అయితే మూత తాళం దగ్గర వెతకాలి. మూసిన మూతను చేత్తో నొక్కితే కదులుతోందంటే కొండీ, కొక్కెం మధ్య సందు ఉన్నట్టు. కొండీకి ఒక చుట్టు గుడ్డ టేపు వేసి చూడండి. చప్పుడు ఆగితే కారణం తేలింది. ఆ తర్వాత కొండీని సరిచేయించవచ్చు, లేదా మూత అంచున రబ్బరు బొడిపెలుంటే వాటిని కొద్దిగా పైకి తిప్పవచ్చు. కిర్రు అంటే రాపిడి. మూత చుట్టూ ఉండే రబ్బరు బీడింగు తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. ఇంజను నూనె రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బరబర అంటే నంబరు ప్లేటు లాంటి పల్చటి రేకు. దడదడ, దబదబ అయితే డిక్కీని వదిలి కిందికి చూడండి. సైలెన్సర్ వేలాడే రబ్బరు తెగినా, షాక్ అబ్జార్బర్ పై బిగింపు సడలినా చప్పుడు రేకు వెంట పాకి డిక్కీలో ఉన్నట్టే వినిపిస్తుంది. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక సీట్లో కూర్చుని వినండి. కారు కదులుతుండగా డిక్కీలోకి మాత్రం ఎవరూ దూరకూడదు.

డిక్కీ ఇంగ్లీషు మాటే. గుర్రపు బండికీ, తర్వాత పాత కార్లకూ వెనక వైపు ఉండే అదనపు సీటును ఇంగ్లీషువాళ్లు డిక్కీ అనేవారు. మనుషులు కూర్చున్న చోటు సామాను పెట్టె అయ్యాక కూడా పేరు మిగిలిపోయింది. 'సామానుగది' లాంటివి కల్పించి దాన్ని తోసేయనక్కర్లేదు. అందరి నోటా నలిగిన మాట, ఉండనివ్వండి.

మీ ఇద్దరిలో ఎవరు సరి అన్నది చెవితో వినకుండా తేల్చడం కష్టం. అయినా నేను మీ ఇంటావిడ వైపే మొగ్గుతున్నాను. విడి సామానైతే మలుపు తిరిగినా, బ్రేకు వేసినా జారి పలుకుతుంది. మీరు గతుకు ఒక్కటే చెప్పారు. మలుపుల్లో కూడా వినిపిస్తుంటే నా మాట వెనక్కి తీసుకుంటాను.