బారబూలో రెండు రోజులు: పెద్దవారితో, పిల్లలతో వెళ్లేవారికి నా అనుభవం

జూలై నెలాఖరులో ఇల్లినాయ్‌లోని నేపర్విల్ నుంచి విస్కాన్సిన్ రాష్ట్రంలోని బారబూకు వెళ్తున్నామని, ఆరేళ్ల, తొమ్మిదేళ్ల పిల్లలతో పాటు విజయవాడ నుంచి వచ్చిన అత్తగారు కూడా వెంట ఉంటారని, ఆవిడకు మోకాళ్ల నొప్పులని రాశారు. బారబూకు దగ్గర్లోని పర్యాటక పట్టణం విస్కాన్సిన్ డెల్స్‌లోని వాటర్ పార్కులు ఇదివరకే చూశారు కనుక అవి కాకుండా ఏమున్నాయని మీ ప్రశ్న. నేను బారబూకు ముప్పావు గంట దూరంలో, మాడిసన్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మా అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ వారిని ఆ ఊరికి తీసుకువెళ్లాను కాబట్టి, పెద్దవారితో వెళ్లినప్పుడు ఏది కుదురుతుందో, ఏది కుదరదో కొంత తెలుసు.

మొదటి రోజు ఉదయాన్ని డెవిల్స్ లేక్ స్టేట్ పార్కుకు కేటాయించండి. పేరులో దయ్యం ఉందని మీ అత్తగారు వెనుకాడవచ్చు. మా అమ్మ కూడా అలాగే వెనుకాడింది. నిజానికి ఆ ప్రాంతపు మూలవాసులైన హో-చంక్ ప్రజలు ఆ సరస్సును పవిత్రమైనదిగా, దివ్యశక్తి కొలువున్నదిగా భావించారు. వారు పెట్టుకున్న పేరుకు అర్థం కూడా అదే. తర్వాత వచ్చినవారు దాన్ని దయ్యంగా మార్చారు. ఈ సంగతి చెప్పాక మా అమ్మ నీళ్లలో దిగి, దోసిలితో నీళ్లు తీసి తల మీద చల్లుకుంది.

1911లో ఏర్పడిన ఈ పార్కుకు ఆ రాష్ట్రంలో మరే పార్కుకూ రానంత మంది వస్తారు. అందువల్ల వేసవి శనివారాల్లో పొద్దెక్కేసరికి కార్లు నిలిపే చోటు దొరకదు. ఏడున్నరకల్లా లోపల ఉండేలా బయలుదేరండి. వాహన ప్రవేశ స్టికర్ తప్పనిసరి, ఇల్లినాయ్ నంబరు ప్లేటు ఉన్న కారుకు రుసుము కొంచెం ఎక్కువ. ఉత్తరపు ఒడ్డునా దక్షిణపు ఒడ్డునా ఇసుక తీరాలు, బల్లలు, చెట్ల నీడ ఉన్నాయి. పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్తే మధ్యాహ్నం వరకు కదలనవసరం లేదు. సరస్సులో పెట్రోలు ఇంజన్ల పడవలను అనుమతించరు కాబట్టి ఉదయం వేళ నీటి మీద చప్పుడే ఉండదు. అయితే ఈత కొట్టేవారిని కనిపెట్టుకుని ఉండే లైఫ్‌గార్డులు అక్కడ ఉండరు. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవారొకరు నడుము లోతులో వారి పక్కనే నిలబడాలి.

నడకదారుల విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. మొదటిసారి నాన్నగారిని తీసుకువెళ్లినప్పుడు, దూరం అర మైలు లోపే కదా అని దక్షిణపు ఒడ్డు నుంచి తూర్పు కొండ మీదికి వెళ్లే బ్యాలెన్స్‌డ్ రాక్ దారి పట్టాను. ఆ అర మైలులోనే కొండ ఎత్తంతా ఉంది. ఎత్తు ఒకలా లేని రాతిమెట్లు, పట్టుకోవడానికి ఊతం ఉండదు. నాన్నగారు ఎక్కడం బాగానే ఎక్కారు కానీ, దిగేటప్పుడు సగంలో మోకాలు పట్టేసింది. ఒక్కొక్క మెట్టు మీద కూర్చుని, చేతులతో ఆనుకుని, తర్వాతి మెట్టుకు జరుగుతూ ఆయన కిందికి చేరేసరికి రెండు గంటలు పట్టింది. నొప్పి ఉన్న మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టమని నాకు ఆ రోజే అర్థమైంది. మీ అత్తగారికి తూర్పు కొండ అడుగున సాగే గ్రాటోస్ ట్రెయిల్ సరిపోతుంది. అది దాదాపు సమతలంగా, చెట్ల నీడలో ఉంటుంది. ఆవిడను ఒడ్డున ఒకరి తోడుతో కూర్చోబెట్టి, మిగిలినవారు కొండ ఎక్కి రావడం మరొక మార్గం.

కొండ ఎక్కినా ఎక్కకపోయినా ఆ రాళ్లను పిల్లలకు దగ్గరగా చూపించండి. గులాబీ, ఊదా రంగులు కలిసిన ఆ క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడే రాయి) వయసు 160 కోట్ల ఏళ్లకు పైమాటే. కొన్ని బండల మీద చేతిని ఆనిస్తే వేళ్ల కింద వరుసగా సన్నని గట్లు తగులుతాయి. గోదావరి ఇసుక తిన్నెల మీద నీరు తీసిన తర్వాత మిగిలే అలల గుర్తులు ఎలా ఉంటాయో ఇవీ అలాగే ఉంటాయి. నిజానికి అవి అవే: ఒకనాటి లోతులేని సముద్రపు ఇసుక మీది అలలు, ఇసుకతో పాటు రాయిగా మారిపోయాయి. ఆ తర్వాత ఎన్నో యుగాలకు, చివరి మంచుయుగంలో హిమనదం మోసుకొచ్చిన మట్టీ రాళ్లూ ఈ కొండల నడుమ లోయకు రెండు వైపులా కట్టల్లా పేరుకుపోవడంతో నీరు నిలిచి సరస్సు అయింది. మా అబ్బాయి ఆ గట్లను వేలితో లెక్కపెడుతూ అక్కడే చాలాసేపు ఉండిపోయాడు.

గడ్డి ఒరుసుకునే దారుల్లో పిడుదులుంటాయి. ఇక్కడి పిడుదుల వల్ల లైమ్ వ్యాధి వస్తుంది కాబట్టి సాయంత్రం స్నానానికి ముందు పిల్లల మోకాళ్ల వెనుక, చెవుల వెనుక, జుట్టు మొదళ్లలో తప్పక వెతకండి.

రెండవ రోజు ఉదయం ఇంటర్నేషనల్ క్రేన్ ఫౌండేషన్‌కు వెళ్లండి. ఒక్కటే చూడగలమంటే ఇదే చూడమంటాను. మనం అన్నింటినీ కొంగలే అంటాం కానీ, ఇక్కడి క్రేన్ పక్షులు చెరువు గట్ల మీది తెల్లకొంగలు కావు. మెడ ముందుకు చాచి ఎగిరే క్రౌంచ, సారస జాతి పక్షులు. ప్రపంచంలో ఉన్న ఈ జాతులు 15, ఆ 15నూ ఒకే చోట చూపే సంస్థ ఇది. జార్జి ఆర్చిబాల్డ్, రాన్ సావీ అనే ఇద్దరు కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 1973లో, సావీ కుటుంబానికి బారబూలో ఉన్న గుర్రాల క్షేత్రంలో దీన్ని ప్రారంభించారు. 1940ల ఆరంభంలో పాతిక కూడా మిగలని హూపింగ్ క్రేన్ జాతి ఈనాటికీ బతికి ఉండడంలో వీరి శ్రమ ఎంతో ఉంది. టెక్స్ అనే ఆడపక్షి మనుషుల మధ్య పెరిగి తన జాతి పక్షిని జతగా అంగీకరించకపోతే, ఆర్చిబాల్డ్ స్వయంగా దాని ఎదుట చేతులాడిస్తూ గెంతుతూ రోజుల తరబడి నృత్యం చేశారు. కృత్రిమ గర్భధారణతో చివరికి 1982లో దానికి ఒక పిల్ల పుట్టింది. ఈ కథ మీ పిల్లలకు ముందే చెప్పి తీసుకువెళ్తే వారి చూపే వేరుగా ఉంటుంది.

మన దేశపు సారస పక్షుల దగ్గర తొందరపడకుండా నిలబడండి. ఎగిరే పక్షులన్నిటిలోకీ పొడవైనది ఇదే, మెడ ఎత్తితే మనిషి ఎత్తు ఉంటుంది. ఉత్తరాది పొలాల్లో కనిపించే ఈ పక్షిని మా అమ్మ మొదటిసారి చూసింది విస్కాన్సిన్‌లోనే. మేము నిలబడి ఉండగా జంట పక్కపక్కకు చేరి, ముక్కులు ఆకాశంవైపు ఎత్తి గొంతు కలిపాయి. మగపక్షి ఒక కేక వేస్తే, ఆ వెంటనే ఆడపక్షి రెండు కేకలు అందుకునేది. మధ్యలో సందు లేకపోవడంతో కళ్లు మూసుకుంటే ఒకే పక్షి అరుస్తున్నట్టు ఉండేది. మా అమ్మకు క్రౌంచ మిథునం కథ గుర్తొచ్చి, జంటను విడదీస్తే శోకం ఎందుకు పుట్టిందో ఇప్పుడు తెలిసిందని అంది. ఈ కేంద్రం శీతాకాలంలో తెరవరు కానీ జూలైలో మీకు ఇబ్బంది లేదు. తెరిచే వేళకే వెళ్లండి, ఎండ ముదిరాక పక్షులు నీడకు చేరిపోతాయి.

ఊళ్లో సర్కస్ వరల్డ్ ఉంది. 1884లో ఇక్కడే సర్కస్ మొదలుపెట్టిన రింగ్లింగ్ సోదరులు 1918 వరకు శీతాకాలపు విడిది చేసిన చోటే ఇప్పుడు మ్యూజియం అయింది. చెక్కడపు పనితనంతో, బంగారు పూతతో మెరిసే పాత సర్కస్ బండ్లు చూడదగ్గవి. మీ ఆరేళ్ల పాపకు నచ్చుతుంది, మొదటి రోజు మధ్యాహ్నం రెండు గంటలు చాలు. ప్యూయిట్స్ నెస్ట్ అనే ఇరుకు లోయను కూడా చాలామంది సూచిస్తారు. తడిరాళ్ల మీద కాలు జారే చోటది, మీ బృందానికి వద్దు.

ఎవరూ చెప్పని చోటు ఒకటుంది: ఊరికి ఈశాన్యంగా, పొలాల మధ్యనున్న మ్యాన్ మౌండ్. సుమారు వెయ్యేళ్ల కిందట మూలవాసులు మట్టితో నేల మీద మలచిన 214 అడుగుల మనిషి ఆకారం అది. తల మీద కొమ్ముల వంటివి ఉంటాయి. మనిషి రూపంలోని ఇటువంటి దిబ్బ ఉత్తర అమెరికాలో ఇదొక్కటే మిగిలింది. గత శతాబ్దారంభంలో రోడ్డు వేస్తూ పాదాల భాగాన్ని తవ్వేశారు, ఆ రోడ్డు మీదే మనం కారులో వెళ్తాం. పాదాలు లేని ఆ రూపం ముందు నిలబడినప్పుడు నాకు ప్రతిసారీ బాధ కలుగుతుంది. దిబ్బ మీదికి ఎక్కకూడదు, చుట్టూ నడవవచ్చు. నేల చదునుగా ఉంటుంది కాబట్టి మీ అత్తగారికి శ్రమ ఉండదు.

తిరుగు ప్రయాణంలో 113వ నంబరు రహదారి మీదుగా మెరిమాక్‌కు వెళ్లండి. అక్కడ విస్కాన్సిన్ నదిని కార్లతో సహా దాటించే ప్రభుత్వ ఫెర్రీ ఉంది, టికెట్టు లేదు. మా నాన్నగారు దాన్ని చూడగానే నరసాపురం పంటు అన్నారు, కారు దిగి గట్టు చేరేవరకు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఒక విడతకు పదిహేను కార్లే పడతాయి కనుక ఆదివారం సాయంత్రం వరుస పొడవుగా ఉంటుంది. నాలుగింటిలోపు చేరుకోండి. ఆలస్యమైతే 12వ నంబరు రహదారిలో సాక్ సిటీ వంతెన మీదుగా వెళ్లిపోవచ్చు.