గుణుపూర్, రాయగడ రోడ్లకి జీపీఎస్ యూనిట్ కొనాలంటే ముందు మ్యాప్ చూడండి, పెట్టె తర్వాత

మీ ప్రశ్న చదివేను. నాన్నగారు గుణుపూర్ నుంచి వ్యాన్లో సరుకేసుకుని అటు పద్మపూర్, గుడారి, ఇటు భామిని, కొత్తూరు, పాతపట్నం తిరుగుతారు, ఫోన్లో మ్యాప్ సగం దారిలో ఆగిపోతోంది, పైగా ఆయనకి ఆ చిన్న స్క్రీన్ మీద అక్షరాలు ఆనడం లేదు, అందుకని విడిగా ఒక జీపీఎస్ యూనిట్ కొందామనుకుంటున్నాం, ఏ కంపెనీది బాగుంటాది అని కదా అడిగేరు. నేను రాయగడలో ఉంటాను, రెండు బొలెరోలు ఒక ఎర్టిగా కిరాయిలకి తిప్పుతాం, ఎక్కువగా వైజాగ్ ఆస్పత్రులకి, పెళ్ళిళ్ళకి, అప్పుడప్పుడు కాశీపూర్, కల్యాణసింగ్‌పూర్ లోపలికి. మూడు బళ్ళలో మూడు రకాల ఏర్పాట్లున్నాయి, అందుకే రాస్తున్నాను.

కంపెనీ పేరుతో మొదలెట్టకండి బ్రదర్. ముందు మీ ఫోన్లో మ్యాప్ ఎందుకు ఆగిపోతోందో చూడండి. నూటికి తొంభై మంది జీపీఎస్ పోయింది అంటారు గానీ పోయేది జీపీఎస్ కాదు, ఇంటర్నెట్టు. జీపీఎస్ శాటిలైట్లు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉంటాయి, వాటికి మన టవర్లతో పని లేదు, ఆకాశం కనబడితే చాలు, కనీసం 4 శాటిలైట్ల సిగ్నల్ అందితే ఫోన్ తనెక్కడుందో తనే లెక్కేసుకుంటాది, సిమ్ తీసేసినా లెక్కేసుకుంటాది. రానిది ఏటంటే మ్యాప్ బొమ్మ, అది నెట్ మీద ముక్కలు ముక్కలుగా వస్తాది కాబట్టి బిస్సంకటక్ దాటి నియంగిరి సైడు వెళ్ళేసరికి నీలం చుక్క మాత్రం కదుల్తా ఉంటాది, చుట్టూ అంతా ఖాళీ.

కాబట్టి ఒక్క రూపాయి పెట్టకముందు ఈ పని చెయ్యండి. ఇంట్లో వైఫై మీద గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి, ఆ చతురస్రం గీసేటప్పుడు గుణుపూర్ చుట్టూ కాదు, అటు మునిగూడ నుంచి ఇటు శ్రీకాకుళం దాకా వచ్చేలా లాగండి, ఒకటి చాలకపోతే రెండు దింపండి. తర్వాత డేటా ఆపేసి నాన్నగారిని మామూలుగా లైన్‌కి పంపండి. కారు దారి చూపిస్తాది, తప్పిపోతే మళ్ళీ దారి కట్టి ఇస్తాది. ట్రాఫిక్ చూపించదు, ఇంకో రెండు దారులు పక్కన పెట్టి ఏది కావాలి అని అడగదు, అంతే తేడా. మన గుడారి రోడ్డు మీద ట్రాఫిక్ అంటే మేకల మందే కదా, అది ఏ మ్యాపూ చెప్పదు. దీంతో పని జరిగితే మీ సమస్య సగం తీరినట్టే, ఇక మిగిలింది స్క్రీన్ సైజు ఒక్కటే.

గూగుల్ కాకుండా ఓస్మ్‌అండ్ అని ఒక యాప్ ఉంది, జనమే కలిసి గీసే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ డేటాతో పూర్తిగా ఆఫ్‌లైన్లో నడుస్తాది. దాంట్లో మ్యాప్‌లు రాష్ట్రాల వారీగా దింపుకోవాలి, మన బోర్డర్ వాళ్ళకి ఇక్కడే చిక్కు, ఒడిశా ఒక్కటే దింపేసి ఊరుకుంటే బత్తిలి దగ్గర అవతలకి దారి కట్టదు, ఆంధ్రా ఫైలు కూడా ఉండాలి. కొండ గూడేలకి వెళ్ళే మట్టి రోడ్లు కొన్ని దీంట్లో ఉంటాయి గూగుల్లో ఉండవు, కొన్ని దాంట్లో ఉంటాయి దీంట్లో ఉండవు, అందుకే మా డ్రైవర్ల ఫోన్లలో రెండూ పెట్టించాను.

ఇప్పుడు కొనే సంగతి. బజార్లో షాపుకెళ్ళి జీపీఎస్ కావాలి అంటే చాలాసార్లు ఇచ్చేది ట్రాకర్, స్క్రీన్ ఉండదు, లోపల సిమ్ ఉంటాది, బండి ఎక్కడుందో ఓనర్ ఫోన్‌కి చెప్తాది తప్ప డ్రైవర్‌కి దారి చెప్పదు. మా టాక్సీలకి ప్యానిక్ బటన్‌తో పాటు బిగించేది కూడా ఆ జాతే, ఏఐఎస్ 140 అంటారు, 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్యాసింజర్ కిరాయి బళ్ళకి అది పెట్టేరు. మీది సరుకు వ్యాన్, మీకు కావల్సింది నావిగేషన్, ఈ మాట షాపులో ముందే చెప్పెయ్యండి.

డాష్‌బోర్డు మీద అతికించుకునే పాత రకం నావిగేటర్ల మీద ఒకప్పుడు మోజు బాగుండేది. గార్మిన్, మ్యాప్‌మై ఇండియా వాళ్ళవి వైజాగ్ షాపుల్లో అద్దాల వెనక కనబడేవి. వస్తువుగా చూస్తే మంచివే, ఎండలో కూడా స్క్రీన్ కనబడతాది, ఆన్ చెయ్యగానే మ్యాపే వస్తాది, మధ్యలో ఫోన్లు మెసేజ్‌లు రావు, పెద్ద వయసు వాళ్ళకి అది పెద్ద సుఖం. కానీ ఇప్పుడు ఆన్‌లైన్లో దొరికేవాటిలో ఎక్కువ సెకండ్ హ్యాండో, పాత స్టాకో, లోపలున్న మ్యాప్ ఏ సంవత్సరందో అమ్మేవాడు కూడా చెప్పలేడు. మా బావమరిది అమెరికా నుంచి వస్తూ ఒకటి పట్టుకొచ్చేడు, ఆన్ చేస్తే అందులో ఉత్తర అమెరికా మ్యాప్ తప్ప ఇంకేమీ లేదు, ఇండియాది విడిగా కొనుక్కోవాలి. ఇప్పుడది మా పిల్లల దగ్గరుంది. లైఫ్‌టైమ్ మ్యాప్ అని అట్ట మీద రాసుంటే మన లైఫ్‌టైమ్ అనుకోకండి, ఆ మోడల్‌కి కంపెనీ సపోర్ట్ ఇచ్చినన్నాళ్ళే. భామిని ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే చూపిస్తోందంటే ఆ మ్యాప్ 2022 ఏప్రిల్ కంటే ముందుది, అది పార్వతీపురం మన్యంలోకి వెళ్ళిపోయింది కదా, పాతదనం పట్టుకోడానికి ఇదొక గుర్తు.

మీ నాన్నగారి అవసరానికి నేనైతే మొగ్గేది స్టీరియో బదులు బిగించే 7 అంగుళాలో 9 అంగుళాలో ఉన్న టచ్ స్క్రీన్ వైపు. వీటిలో రెండు రకాలు. ఒకటి సొంతంగా ఆండ్రాయిడ్ ఉండేది, మ్యాప్ దాంట్లోనే దింపుకోవచ్చు, ఫోన్ అక్కర్లేదు. రెండోది ఆండ్రాయిడ్ ఆటో రకం, ఫోన్లో నడిచే మ్యాప్‌నే పెద్ద తెర మీద చూపిస్తాది. ఫోన్ బాగుంటే రెండోదే నయం, ఎందుకంటే ఫోన్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ అవుతా ఉంటాది, స్క్రీన్‌కి ముసలితనం రాదు. చవక ఆండ్రాయిడ్ సెట్లు పది వేల లోపే ఇచ్చేస్తున్నారు గానీ లేబుల్ మీద ఒక ర్యామ్, లోపల ఇంకో ర్యామ్, సెట్టింగ్స్‌లో నంబర్ కూడా అబద్ధమే చూపించేలా చేసిన సెట్లు ఉన్నాయి, కాబట్టి లేబుల్ మీద రాసింది చూడకండి, మ్యాప్ తెరిచి రెండు వేళ్ళతో పెద్దది చిన్నది చేసి చూడండి, తడబడుతుంటే వదిలెయ్యండి. అద్దం మీద గట్టిగా నొక్కితే గానీ పలకని టచ్ అసలొద్దు, గతుకుల్లో పనికిరాదు.

షాపులో డబ్బులిచ్చే ముందు తప్పకుండా చెయ్యాల్సింది ఇది. నాన్నగారు నిజంగా వెళ్ళే ఊళ్ళు ఒక కాగితం మీద రాసుకెళ్ళండి, పట్నాలు కాదు, చివర గూడ అని వచ్చే చిన్న ఊళ్ళు, సంత ఊళ్ళు. నెట్ ఆపించి ఒక్కొక్కటీ వెతికించండి. దొరికిందా, దొరికినా అది మన బ్లాక్‌లోదేనా లేక అదే పేరుతో కొరాపుట్‌లో ఉన్న ఇంకో ఊరా, రోడ్డు ఊరి దాకా గీసిందా, పొలాల్లో ఆగిపోయిందా. కొరాపుట్ జిల్లా జైపూర్ అని కొడితే రాజస్థాన్‌కి దారి కట్టే మ్యాప్‌లున్నాయి, ఇంగ్లీష్‌లో స్పెల్లింగ్ వేరే, అది తెలీని కుర్రాడు పొద్దున్నే బయల్దేరి అన్నా పదిహేను వందల కిలోమీటర్లు చూపిస్తోందేటి అని ఫోన్ చేసేడు. పర్లాకిమిడి, బరంపురం కూడా అంతే, మనం పలికేది ఒకటి, మ్యాప్‌లో ఉండేది ఇంకోటి. సెట్ ఎంత ఖరీదైనదైనా కాగితం మీద ఊళ్ళు సగం దొరక్కపోతే అది మీకు డబ్బా కిందే లెక్క.

దొరకని ఊళ్ళకి ఒక ఉపాయం ఉంది. మొదటిసారి ఎలాగో అడుక్కుంటూ వెళ్తారు కదా, చేరిన చోటే స్క్రీన్ మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే పిన్ను పడతాది, దాన్ని షాపు పేరుతో సేవ్ చేసుకోవాలి. కింద అంకెలు రెండు వస్తాయి, రాయగడకైతే 19.17, 83.41 అలా ఉంటాయి, ఆ అంకెలు డైరీలో రాసుకుంటే సెట్ మారినా, ఫోన్ పోయినా, ఏ మ్యాప్‌లో కొట్టినా అక్కడికే తీసుకెళ్తాది. మా పాత బొలెరోలో ఉన్న డైరీ విలువ ఆ బండిలో సెట్ కంటే ఎక్కువ అంటాను నేను.

బిగించడం దగ్గర కాస్త దగ్గరుండి చూసుకోండి, సెట్ మంచిదైనా పాడుచేసేది ఇక్కడే. ఆండ్రాయిడ్ సెట్‌తో చిన్న నల్ల బిళ్ళ ఒకటి వస్తాది, పొడుగు వైరుతో, కింద అయస్కాంతం ఉంటాది, అదే జీపీఎస్ యాంటెన్నా. మెకానిక్‌లకి అది కనబడితే అసహ్యంగా ఉంటాదని డాష్‌బోర్డ్ లోపల ఇనప ఫ్రేమ్ వెనక పడేసి మూసేస్తారు. మా ఎర్టిగాలో అలాగే చేసి ఇచ్చేరు, బండి వైజాగ్ బీచ్ రోడ్డులో ఉంటే సెట్ సముద్రంలో చూపించేది. బిళ్ళని బయటికి లాగి ముందద్దం కింద, పైముఖం ఆకాశానికి ఉండేలా చదునుగా అతికించాక సరైపోయింది. అద్దానికి మెరిసే లోహపు ఫిల్మ్ వేయించి ఉంటే అది కూడా సిగ్నల్ తినేస్తాది. జీపీఎస్ టెస్ట్ లాంటి యాప్ వేసుకుంటే ఎన్ని శాటిలైట్లు పట్టిందో గీతలు గీతలుగా కనబడతాయి, అమెరికా వాళ్ళవే కాకుండా రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో కూడా పట్టే సెట్ అయితే సాలూరు ఘాట్‌లో కొండల మధ్య ఆకాశం ఇంత సన్నగా కనబడేచోట తేడా తెలుస్తాది. మన ఇస్రో వాళ్ళ సొంత శాటిలైట్లు, నావిక్ ఉంది కదా అని అడుగుతారు కొందరు, ఉంటే మంచిదే, ఆ ముద్ర కోసమని ఎక్కువ డబ్బులు మాత్రం పెట్టక్కర్లేదు.

వైరింగ్‌లో పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు వైరు తాళానికి (తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకి), నలుపు ఎర్త్‌కి. కొందరు బద్ధకించి పసుపు, ఎరుపు రెండూ కలిపి తాళానికే ఇచ్చేస్తారు, అప్పుడు టీ తాగడానికి బండి ఆపినా సెట్ పూర్తిగా చచ్చిపోయి మొదటినుంచి లేస్తాది, పెట్టుకున్న దారి పోతాది. కంపెనీ వైర్లు కొయ్యనివ్వకండి, మీ బండి మోడల్‌కి తగిన కప్లర్, అంటే వైరు కొయ్యకుండా గుచ్చే ప్లగ్గు, అడగండి. వ్యాన్ 12 వోల్టులే కాబట్టి ఇబ్బంది లేదు, లారీ ఉన్నవాళ్ళెవరైనా చదువుతుంటే 24 వోల్టులకి పనికొస్తాదో లేదో సెట్ మీద చూసుకోండి.

ఇంకో చిన్న విషయం, బయల్దేరేముందు ఊళ్ళో నెట్ ఉన్నప్పుడే సెట్ ఆన్ చేసి దారి పెట్టేసుకోమనండి. నెట్ ఉంటే శాటిలైట్ల వివరాలు అక్కణ్ణుంచి బేగి లాగేసుకుంటాది, లేకపోతే శాటిలైట్ నుంచే నెమ్మదిగా దింపుకోవాలి, చాన్నాళ్ళు ఆపేసిన సెట్‌కి మొత్తం జాబితా అందడానికి పన్నెండున్నర నిమిషాలు పట్టేస్తాది, ఈలోగా జనం సెట్ పాడైపోయిందంటారు.

అన్నిటికంటే చవక దారి కూడా చెప్పేస్తాను, మా రెండో బొలెరోలో ఉన్నది ఇదే. ఇంట్లో మూలనున్న పాత పెద్ద స్క్రీన్ ఫోన్ ఒకటి, సిమ్ లేకుండా, ఆఫ్‌లైన్ మ్యాప్‌లతో, గట్టి స్టాండు మీద. డాష్‌బోర్డు మీద ఎండలో పెడితే మే నెలలో పార్వతీపురం చేరేసరికి వేడెక్కిపోయి వెలుతురు దానంతటదే తగ్గిపోతాది, ఛార్జింగ్ ఎక్కదు, అందుకని స్టాండు ఏసీ గాలి వచ్చే చోట పెట్టాలి. మీ వ్యాన్‌కి ఏసీ లేదనుకుంటాను, అందుకే మీకు స్క్రీన్ అన్నాను. తెలుగులో దారి చెప్పే గొంతు పెట్టండి, నాన్నగారు స్క్రీన్ వైపు చూడక్కర్లేదు. ఫోన్ చేత్తో పట్టుకుని మాత్రం వద్దు, 2020 అక్టోబర్ నుంచి రూల్‌లో దారి చూసుకోడానికి ఫోన్ వాడొచ్చని ఉంది గానీ నడిపేవాడి ధ్యాస చెదరకుండా అని కూడా ఉంది.

వానాకాలం మాత్రం ఏ సెట్‌నీ నమ్మొద్దు, 2017 జులైలో తేరువలి దగ్గర రైలు బ్రిడ్జే కొట్టుకుపోయింది, ఇక గెడ్డల (వాగుల) మీద చప్టాలెంత. దగ్గర దారి అని అడవిలోంచి చూపిస్తే మధ్యలో పెద్ద రోడ్డు మీదున్న ఊరు ఒకటి స్టాప్‌గా పెట్టేస్తే అటే తిప్పుతాది, రాయగడ నుంచి వైజాగ్‌కి మేం బొబ్బిలి, రామభద్రపురం అలా పెట్టుకునే వెళ్తాం.

వ్యాన్ ఏ మోడలో రాయలేదు, డాష్‌బోర్డులో స్టీరియో జాగా ఒక ఫొటో పెట్టండి, ఏ సైజు పడతాదో చూసి చెప్తాను. బిల్లుతోనే కొనండి, బిగించిన మర్నాడే గుడారి లైన్‌కి పంపి చూడండి, తేడా ఉంటే షాపువాడు మార్చేది ఆ మొదటి వారంలోనే.