బటన్ల ఫోన్లో నెట్: స్పీడు కాదు, మీటరే అసలు బాధ

మీరు రెండు విషయాలు అడిగారు. స్మార్ట్‌ఫోన్లు రాకముందు మామూలు బటన్ల ఫోన్లో డేటా ప్యాక్ వేసుకుని నెట్ నిజంగా వాడేవాళ్లా, లేక పేరుకేనా అని ఒకటి. ఇంట్లో బయటపడ్డ అలాంటి ఫోన్లో ఇప్పుడు నెట్ వస్తుందా అని ఇంకోటి. మొదటిదానికి జవాబు: వాడేవాళ్లం, బాగానే వాడేవాళ్లం. కంప్యూటర్‌కి కూడా ఆ ఫోనే కలిపి చాలాకాలం పని నడిపించాను నేను. స్పీడు లేదు, స్పీడు లేదు అని అందరూ అంటారు గానీ నన్నడిగితే దానికి త్వరగానే అలవాటు పడిపోతాం. కిలోబైట్‌కి ఇంత అని తిరిగే మీటరు, ఏదైనా నొక్కాక కాసేపు ఏమీ జరగకపోవడం, ఈ రెండే ప్రాణం తీసేవి.

ఆ ఫోన్లకి నెట్ తెచ్చే పద్ధతి పేరు జీపీఆర్ఎస్. దాని స్పీడు 171 కేబీపీఎస్ (సెకనుకి అన్ని కిలోబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్) అని కాగితం మీద ఉండేది. టవర్ తన సమయాన్ని ముక్కలు చేసి ఫోన్లకి పంచుతుంది, ఆ ముక్కలే టైమ్‌స్లాట్లు. ఎనిమిదీ మనకొక్కరికే ఇస్తే వచ్చే అంకె అది, అలా ఎవరికీ ఇవ్వరు. చాలా ఫోన్లు క్లాస్ 10 రకం, అంటే డౌన్‌లోడ్‌కి నాలుగు స్లాట్లు, అప్‌లోడ్‌కి రెండు, కానీ ఏ క్షణంలోనైనా రెండూ కలిపి ఐదు దాటకూడదు. చివరికి చేతికొచ్చేది 30, 40 కేబీపీఎస్. 40 చొప్పున ఒక ఎంబీ దిగాలంటే మూడున్నర నిమిషాలు. పైగా కాల్స్ కూడా ఆ టవర్ మీదున్న స్లాట్లలోంచే వెళ్లాలి, ముందు చోటు వాటికే, మిగిలింది మనకి. అందుకే జనం ఫోన్లలో మాట్లాడుకునే వేళ నెట్ పాకేది, అందరూ పడుకున్నాక కాస్త లేచేది. స్క్రీన్ మూల ‘జి’ పోయి ‘ఇ’ కనబడితే ఎడ్జ్, అంటే జీపీఆర్ఎస్‌కే వేగం పెంచిన రూపం, వచ్చినట్టు, 100 పైన లాగేది, ఇక ఆ పూటకి పండగే.

నొక్కాక కాసేపు ఏమీ జరగదన్నానే, ఆ ఆలస్యం వేరే సంగతి. సర్వర్‌కి ఒక మాట వెళ్లి తిరిగి రావడానికే ముప్పావు సెకను, ఒక్కోసారి సెకను దాటేది. కాబట్టి ఒక పెద్ద ఫైలు దింపుకోవడం కంటే చిన్న చిన్న బొమ్మలు నలభై ఉన్న పేజీ తెరవడమే నరకం, ఎందుకంటే వాటిని విడివిడిగా అడగాలి, అడిగిన ప్రతిసారీ ఆ సెకను కట్టాలి. బొమ్మలు ఆపేసుకుంటే పేజీ ఎంత హాయిగా వచ్చేదో చూసినవాళ్లకే తెలుసు.

ఇక ఏపీఎన్ గొడవ. ఫోన్ ఏ దారిన నెట్‌లోకి వెళ్లాలో చెప్పే పేరే ఏపీఎన్. చాలా నెట్‌వర్కుల్లో రెండు దారులుండేవి, ఒకటి వ్యాప్ (చిన్న ఫోన్ల కోసం చేసిన తేలిక పేజీల పద్ధతి), ఇంకోటి మామూలు ఇంటర్నెట్. వ్యాప్ దారిలో అంతా కంపెనీ గేట్‌వే, అంటే మధ్యలో ఉండే వాళ్ల సర్వర్, మీదుగానే పోవాలి, ఫోన్ బ్రౌజర్‌కి సరిపోయేది, మిగతా అప్లికేషన్లు చాలావరకు మొరాయించేవి. చవక ప్యాక్‌లు తరచూ ఆ దారికే ఇచ్చేవాళ్లు. అది తెలియక సెట్టింగ్స్‌లో రెండో ఏపీఎన్ పెట్టుకున్నవాళ్ల బ్యాలెన్స్ మామూలు రేటున కరిగిపోయేది, అడిగితే ‘మీ ప్యాక్ దానికి వర్తించదండీ’ అనేవాళ్లు. (ఆ ఫోన్లలో పొరపాటున ఒక బటన్ నొక్కితే చాలు బ్రౌజర్ తెరుచుకునేలా ఎందుకు పెట్టారో నాకిప్పటికీ అనుమానమే. ఎర్ర బటన్ కోసం వేలు పరిగెత్తేది!)

ఫోన్లో చూడటం వరకు పరిస్థితి మార్చేసింది ఒపెరా మినీ అనే బ్రౌజర్. 2006లో ప్రపంచమంతటికీ వదిలారు. పేజీని వాళ్ల సర్వరే తెరిచి, నలిపి, కుదించి, ఒక్క ముక్కగా మన ఫోనుకి పంపేది. డేటా 90 శాతం దాకా తగ్గేది, అడిగిన ప్రతి బొమ్మకీ ఆగాల్సిన పని కూడా తప్పేది. అయితే పేజీ మధ్యలో వాళ్ల సర్వర్లో విప్పబడుతుంది కాబట్టి బ్యాంకు పాస్‌వర్డులు అందులో కొట్టడం నాకిష్టం ఉండేది కాదు. తెలుగు పేజీలు తెరిస్తే వరసగా డబ్బాలే కనబడేవి, ఫోన్లో ఆ ఫాంటే లేదు మరి. దానికో కిటుకుండేది: అడ్రస్ బార్‌లో కాన్ఫిగ్ అని కొట్టి పక్కన కోలన్ పెడితే ఒక దాచిన సెట్టింగ్స్ పేజీ వచ్చేది, అందులో బిట్‌మ్యాప్ ఫాంట్లు అన్నదాన్ని ఎస్ చేస్తే అక్షరాల్ని బొమ్మలుగా పంపేది. డేటా కాస్త ఎక్కువ తినేది, కానీ డబ్బాల బదులు అక్షరాలు కనబడేవి. అక్షరాలు చీమల్లా ఉండేవి లెండి.

కంప్యూటర్‌కి కలపడం కష్టమేం కాదు. కేబుల్ గానీ బ్లూటూత్ గానీ పెట్టి ఫోన్‌ని మోడెమ్‌లా చూపించి, డయలప్ కనెక్షన్‌లో నంబరు అడిగిన చోట *99# కొట్టాలి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చాలాచోట్ల ఖాళీగా వదిలేసినా సరిపోయేది. ఒక్కటి మరిచిపోయేవాళ్లు, మోడెమ్ ప్రాపర్టీస్‌లో అదనపు కమాండ్ అనే గడి ఉండేది, ఏపీఎన్ పేరు అక్కడ ఇవ్వాలి. ఇవ్వకపోతే డయల్ అయినట్టే అయి తెగిపోయేది. ఫోన్ కంప్యూటర్ స్పీకర్ల పక్కన పెడితే డేటా కదిలినప్పుడల్లా స్పీకర్లలో ‘టిక్ టిటిక్ టిటిక్ జ్‌జ్‌జ్’ అని మోగేది, ఫోన్‌లోని జీఎస్ఎం రేడియో సెకనుకి 217 సార్లు ఆరి వెలగడం వల్ల వచ్చే చప్పుడది. చిరాగ్గానే ఉండేది గానీ స్క్రీన్ వైపు చూడకుండానే పేజీ వస్తోందో నిలబడిపోయిందో దాన్నిబట్టి తెలిసేది. మధ్యలో కాల్ వస్తే డేటా ఆగిపోయేది, ఆ ఫోన్లు రెండూ ఒకేసారి చేయలేవు. కాల్ చిన్నదైతే పెట్టేశాక డౌన్‌లోడ్ మళ్లీ అందుకునేది, లేకపోతే మొదటికొచ్చేది. అందుకే మధ్యలో ఆగిన చోటినుంచి అందుకునే డౌన్‌లోడ్ మేనేజర్ లేకుండా ఏదీ దింపేవాణ్ని కాదు.

అసలు టెన్షన్ మనం చూసే పేజీలతో కాదు, మనకి తెలియకుండా కంప్యూటర్ లాక్కునేవాటితో. ఆటోమేటిక్ అప్‌డేట్లు, యాంటీవైరస్ కొత్త ఫైళ్లు, కనెక్షన్ కనబడగానే ఎగబడతాయి. కలిపే ముందే అవన్నీ ఆపేయాలి. మెయిల్ అయితే ముందు హెడర్లు (ఎవరు పంపారు, విషయమేమిటి అన్నవి) మాత్రం దింపుకుని, కావలసినవే పూర్తిగా తెరవాలి. ఫోన్ కాల్ రిజిస్టర్‌లో జీపీఆర్ఎస్ కౌంటర్ అని ఉండేది, దాన్ని చూస్తూ కూర్చుంటే కిలోబైట్ విలువ బాగా వంటబట్టేది.

ఇక మీ చేతిలో ఉన్న ఫోన్. మీ దేశంలో 2జీ, అంటే ఈ ఫోన్లు నడిచే పాత నెట్‌వర్క్, ఇంకా నడుస్తోందో లేదో ముందు కనుక్కోండి, చాలా దేశాల్లో ఎత్తేశారు, అక్కడైతే ఆ ఫోనుకి సిగ్నలే రాదు. సిగ్నల్ వచ్చినా దానిలోని పాత బ్రౌజర్ ఇప్పటి సైట్లు తెరవదు, ఎందుకంటే ఇవాళ దాదాపు అన్ని సైట్లూ అడిగే టీఎల్ఎస్ (సైట్‌తో జరిగే మాటల్ని రహస్యంగా ఉంచే పద్ధతి) వెర్షన్ దానికి రాదు. సర్టిఫికెట్ తప్పు అనో, ఇంకేదో అనో చెప్పి ఊరుకుంటుంది. అదే కంప్యూటర్‌కి మోడెమ్‌లా కలిపితే బ్రౌజర్ కంప్యూటర్‌ది కాబట్టి ఆ గొడవ లేదు. బ్లూటూత్‌తో జత చేసి *99# కొట్టి చూడండి. కలిసిందా, ఏదైనా మామూలు అక్షరాల పేజీ తెరవండి. వీడియో జోలికి మాత్రం పోకండి.