నాన్న మీద పంతంతో ఫ్లాట్ కొనకండి, ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 34. భార్యాభర్తలిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఒక పాప. నాన్న ఒకే సంస్థలో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఈమధ్య బంధువులందరి ముందు "మీ తరానికి సంపాదించడం వచ్చు గానీ నిలబెట్టుకోవడం రాదు. నీ వయసుకు నేను ఇల్లు కట్టాను" అన్నారు. ఆ మాట గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు. వాళ్ల కాలంలో ఒక్క జీతంతో ఇల్లు వచ్చేది, ఆపైన పెన్షన్. అన్నీ అమరిన తరం మాకు నీతులు చెబుతోంది. ఈ ఏడాదే ఫ్లాట్ తీసుకుని చూపించాలని నిర్ణయించుకున్నాను. కొంత అడ్వాన్స్ ఇచ్చాం. డౌన్ పేమెంట్‌కు పర్సనల్ లోన్‌కు అప్లై చేశాను, ఇంకా మంజూరు కాలేదు. ఫ్లాట్ ఆరు నెలల్లో చేతికొస్తుంది, అప్పటిదాకా తక్కువ పడితే క్రెడిట్ కార్డుతో సర్దుకుంటాం. 2020లో నా ఉద్యోగం పోయి నాలుగు నెలలు ఖాళీగా ఉన్నప్పుడు నాన్నే ఇల్లు నడిపారు. అందుకే ఈసారి ఆయన్ని ఒక్క పైసా అడగదలచుకోలేదు. నా భార్య మాత్రం ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయమని అడుగుదాం అంటోంది. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. పర్సనల్ లోన్ వద్దు, నాన్నగారి డిపాజిట్ జోలికీ పోవద్దు. ఇంకా చెప్పాలంటే ఈ ఏడాది ఫ్లాటే వద్దు.

మీ ప్రశ్ననే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒక తరం ఇంకో తరానికి ఏదో నిరూపించాలని చేసే తప్పులు నేను తరచూ చూస్తున్నాను. తండ్రికి చూపించాలని కొడుకు తలకు మించి అప్పు చేస్తాడు. "పాతకాలం మనిషి" అనిపించుకోకూడదని తండ్రి తనకు తెలియని షేర్లలో రిటైర్‌మెంట్ డబ్బు పెడతాడు. మాట అనేది ఒక నిమిషం, దాని వాయిదాలు కట్టేది ఇరవై ఏళ్లు.

మీరు పంపిన అంకెలను ఎవరికైనా అర్థమయ్యేలా మారుస్తాను. మీ ఇద్దరి నెల జీతం కలిపి 100 అనుకుందాం. హోమ్ లోన్ ఈఎంఐ 41. పర్సనల్ లోన్ ఈఎంఐ 17. ఇప్పటికే ఉన్న వాహన లోన్ 7. పాప చదువుతో కలిపి ఇంటి ఖర్చు 34. మొత్తం 99. అన్నీ సవ్యంగా సాగిన నెలలో మీకు మిగిలేది 1. అదీ మీ సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే మొత్తం) పూర్తిగా ఆపేస్తేనే. ఫ్లాట్ చేతికొచ్చేదాకా అద్దె 18 కూడా కట్టాలి కాబట్టి ఆ ఆరు నెలలూ ప్రతి నెలా 17 తక్కువ పడుతుంది. దాన్ని కార్డు మీద సర్దుతానంటున్నారు. కార్డు వడ్డీ నెలకు 3 శాతం వేసుకున్నా ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఆరో నెల చివరికి కార్డు బాకీ 110, అంటే ఇద్దరి నెల జీతం కంటే ఎక్కువ. దాని మీద నెల వడ్డీయే 3.3. మీకు మిగిలేది 1. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ఆ బాకీ పెరుగుతుందే తప్ప ఒక్క నెల కూడా తగ్గదు. ఈ లెక్కలో ఎవరికీ జ్వరం రాలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు.

"సర్దుకుంటాం" అన్న మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. దేనితో సర్దుకుంటారు? అసలు మీ వాటా మీరే పెట్టుకోమని బ్యాంకు ఎందుకంటుంది? ఫ్లాట్ ధర పడినా, జీతం ఆగినా తట్టుకోవడానికి మీకంటూ కొంత ఉండాలని. ఆ వాటా కూడా అప్పే అయితే ఆ ఇంట్లో మీది అంటూ ఏమీ లేదు. డౌన్ పేమెంట్‌కు పర్సనల్ లోన్ తీసుకుంటానని నా దగ్గరకు వచ్చిన వాళ్లెవరికీ నేను సరే అనలేదు, మీకూ అనను.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం ఫ్లాట్ గురించి కాదు. 2020 గురించి. నాలుగు నెలలు నాన్నగారే ఇల్లు నడిపారని ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్లిపోయారు. నా ఉద్దేశంలో మీ ఇద్దరి మధ్య గొడవ అక్కడే మొదలైంది. ఆ నాలుగు నెలలూ మీ ఎమర్జెన్సీ ఫండ్, అంటే జీతం ఆగితే ఇల్లు నడపడానికి పక్కన పెట్టుకునే డబ్బు, ఆయనే. తర్వాత మీకు ఉద్యోగం వచ్చింది, జీతం పెరిగింది, వాహనం వచ్చింది. అలాంటి నాలుగు నెలలు మళ్లీ వస్తే ఏమిటన్నది మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఆయన నలుగురిలో అలా అనడం తప్పే. మీ మనసు నొచ్చుకోవడంలో అన్యాయం లేదు. కానీ "నిలబెట్టుకోవడం రాదు" అన్న మాటలో ఆయన భయం కూడా ఉంది. ఇంకోసారి అదే జరిగితే ఆదుకునే శక్తి ఈ వయసులో తనకు లేదని ఆయనకు తెలుసు.

ఆయనకూ ఒక విషయం చెప్పాలి. ఆయన ఇల్లు కట్టినప్పుడు ఆ ఇంటి కింద 34 ఏళ్ల ఉద్యోగం ఉంది. ఒకటో తేదీన జీతం వస్తుందా రాదా అన్న ఆలోచనే ఉండేది కాదు. విడిగా ఎమర్జెన్సీ ఫండ్ అంటూ పెట్టుకోలేదు, ఆ ఉద్యోగమే దాని పని చేసింది. మీరు తొమ్మిదేళ్లలో నాలుగు కంపెనీలు మారానని రాశారు. అది మీ తరం నిలకడలేనితనం కాదు, ఉద్యోగాలే అలా మారాయి. జీవితాంతం పెన్షన్ ఇచ్చే పద్ధతి నుంచి, ఎవరి ఖాతాలో ఎంత పోగైతే అంతే అనే పద్ధతికి 1980ల నుంచి ఎన్నో దేశాలు మళ్లాయి. కాబట్టి ఆయన చేసిన పనిని ఆయన చేసిన వరుసలోనే మీరు చేయలేరు. ఆయనకు ఉద్యోగం ఇచ్చిన పునాదిని మీరు మీ డబ్బుతో ముందు వేసుకోవాలి. ఇల్లు ఆ తర్వాత.

"అన్నీ అమరిన తరం" అన్నారు, అదీ నిజం కాదు. అమెరికాలో 1981 అక్టోబరులో ఇంటి లోన్ వడ్డీ 18 శాతం దాటింది. ఆ వడ్డీకి ఇల్లు కొన్నవాళ్లను అదృష్టవంతులని ఎలా అంటాం? పొదుపు మీద పరిశోధనకు 1985లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఫ్రాంకో మోదిగ్లియానీ చెప్పింది కూడా ఇక్కడ పనికొస్తుంది. మనిషి చిన్న వయసులో అప్పు చేస్తాడు, నడివయసులో కూడబెడతాడు, రిటైరయ్యాక దాన్నే తీసి ఖర్చు పెడతాడు. తరాల తేడా అని మనం పోట్లాడుకునే దాంట్లో చాలా భాగం వయసుల తేడానే.

కిందటేడు ఒక తండ్రీ కొడుకూ ఇదే గొడవతో నా దగ్గరకు వచ్చారు. తండ్రి తన పాత లెక్కల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. అట్ట ఊడిపోతే దారంతో కుట్టారు. ప్రతి నెల పేజీ చివరా ఎర్ర సిరాతో ఒకే మాట: "ముట్టుకోనిది". దాని పక్కన చిన్న మొత్తం. కొడుకు ఏమీ అనకుండా ఫోన్ తీసి ఆయన చేతికిచ్చాడు. ఐదో తేదీ ఉదయం వరుసగా ఆరు ఆటో డెబిట్ మెసేజ్‌లు, చివర రెండు బౌన్స్. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని ఒక్కొక్కటే చదివారు. "ఇంత టెన్షన్‌లో ఉన్నావని నాకు చెప్పలేదేంరా" అన్నారు. మేం ఆ రోజు చేసిందల్లా కొడుకు పేరుతో ఒక "ముట్టుకోనిది" ఖాతా మొదలుపెట్టడమే.

మీకూ అదే చెబుతున్నాను. ఇప్పటి అద్దె 18, ఇంటి ఖర్చు 34, వాహన లోన్ 7 కలిపితే 59. ఇది ఆరు నెలలకు 354. మీ ఎమర్జెన్సీ ఫండ్ ఇంత ఉండాలి. మీ దగ్గరున్నది 40, అంటే మూడు వారాల ఖర్చు. జీతంలో ఈ 59, సిప్ 10 పోగా మిగతా 31 ఎటు పోతున్నాయో మీరు రాయలేదు. మీకు తెలియదనే అనుకుంటున్నాను. నాన్నగారి మాటలో నిజం ఉన్నది ఈ 31 దగ్గరే. అందులో 25 జీతం పడిన రోజే పక్కకు తీస్తే 13 నెలల్లో నిధి పూర్తవుతుంది. కార్డుతో, ఫోన్‌తో లింక్ లేని వేరే ఖాతాలో పెట్టండి. షేర్లలో వద్దు, బంగారంలో వద్దు. ఇది పెరగడానికి పెట్టే డబ్బు కాదు, అడిగిన రోజు చేతికి రావడానికి. ఇద్దరూ సంపాదిస్తున్నాం కదా, మూడు నెలలకు చాలదా అని అడుగుతారేమో. చాలదు. కష్టకాలంలో రెండు ఉద్యోగాలూ ఒకేసారి పోయిన ఇళ్లను నేను చూశాను.

సిప్ అలాగే నడవనివ్వండి. అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, మీ ఇద్దరికీ టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా) కూడా. ఫ్లాట్ సంగతి నిధి నిండాక, డౌన్ పేమెంట్ మీ సొంత డబ్బు అయ్యాక, ఈఎంఐలన్నీ కలిపి 40 దాటకుండా ఉంటే చూద్దాం.

నాన్నగారి డిపాజిట్ ఆయన "ముట్టుకోనిది". మీరు దాన్ని కరిగిస్తే రేపు ఆయనకు ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు అప్పు చేయాల్సింది మళ్లీ మీరే. మీ భార్యకు ఈ మాట నెమ్మదిగా చెప్పండి, ఆవిడ అడిగింది కుటుంబం కోసమే.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఇళ్ల ధరల దగ్గర మొదలుపెట్టకండి. "నాన్నా, ఆ రోజుల్లో నీ జీతం ఆగిపోయి ఉంటే మనకు ఎన్ని నెలలు గడిచేది?" అని అడిగి ఆయన్ని చెప్పనివ్వండి. 2020లో ఆయన చేసినదానికి థాంక్స్ చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే ఇప్పుడు చెప్పండి. 13 నెలల లెక్క కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. నెలనెలా దాన్ని చూసే పని ఆయనకే అప్పగించండి.

లోన్ ఇంకా మంజూరు కాలేదు కాబట్టి రేపు బ్యాంకు తెరవగానే అప్లికేషన్ వెనక్కి తీసుకోండి. ఫ్లాట్‌కు ఇచ్చిన అడ్వాన్స్‌లో కొంత కోసుకుంటారేమో, కోసుకోనివ్వండి. ఆ నష్టం ఒక్కసారితో పోతుంది.